కార్డు వెనకవైపు

ఫోల్కర్ట్ డిడ్డెన్స్‌ను మొదటిసారి చూసినవాళ్లు ఆయన ఏ జడ్జిగానో పనిచేసి రిటైరయ్యాడనుకుంటారు. నిజానికి లేర్ ఊళ్లో బాత్‌రూమ్ టైల్స్ అమ్ముతాడు. కంప్యూటర్లను నీళ్లతో చల్లబరిచే సరదా ఉన్న పద్దెనిమిది మందిమి కలిసి పెట్టుకున్న క్లబ్బుకు పదకొండేళ్లుగా ఆయనే అధ్యక్షుడు. నేను కార్యదర్శిని. నెలకో ఆదివారం మధ్యాహ్నం ఫైర్ స్టేషన్ మేడమీది హాల్లో చేరి, టీ తాగుతూ ఒకరి కంప్యూటర్‌ను ఒకరం మెచ్చుకునేవాళ్లం. మెచ్చుకోవడమంటే డిడ్డెన్స్ కంప్యూటర్‌ను మెచ్చుకోవడమే.

అది అందంగా ఉండేదన్న మాట నిజం. అద్దాల పెట్టె, స్కేలు పెట్టి గీసినట్టున్న గాజు గొట్టాలు, వాటిలో నీలం నీళ్లు. గ్రాఫిక్స్ కార్డు మీద తళతళలాడే వాటర్ బ్లాక్. అంటే ఒక లోహపు దిమ్మ. దాని కడుపులోంచి నీళ్లు పారుతూ కార్డు వేడిని లాక్కెళ్తాయి. తెర మీద పెద్ద అంకెల్లో నలభై ఒక్క డిగ్రీలని కనబడేది. ఆ అంకెను ఆయన మనవరాలి ఫొటో చూపించినట్టు చూపించేవాడు.

"ఇంకా ఫ్యాన్లు పెట్టుకునేవాళ్లని చూస్తే జాలేస్తుందయ్యా," అనేవాడు. "బ్లాక్ బిగించాక కార్డులో వేడెక్కడానికి ఏం మిగులుతుంది?"

నలభై ఒకటి నడిమి చిప్పు వేడి మాత్రమే. దాని చుట్టూ మెమరీ చిప్పులున్నాయి, కరెంటును సర్ది పంపే భాగాలున్నాయి. వాటి సంగతేమిటని ఎవరూ అడగలేదు. అధ్యక్షుడి పక్క కుర్చీలో కూర్చునే నేను అసలే అడగలేదు.

సెప్టెంబరులో వీబ్కె ఒమ్మెన్ అనే ఆవిడ క్లబ్బులో చేరింది. పాత ఇళ్ల గోడల్లోంచి వేడి ఎక్కడ బయటికి పోతోందో ప్రత్యేకమైన కెమెరాతో చూసి చెప్పడం ఆవిడ ఉద్యోగం. నవంబరులో మా వార్షిక పోటీ జరిగింది. పోటీదారుల్లో ఒకడూ న్యాయనిర్ణేతా డిడ్డెన్సే. ఆ రోజు ఆవిడ ఆ కెమెరా పట్టుకొచ్చింది.

"ఫోల్కర్ట్ గారూ, మీ కార్డు వెనకవైపు ఒకసారి చూడొచ్చా?"

"చూడమ్మా, చూసి నేర్చుకో," అన్నాడు ఆయన.

వీబ్కె కార్డు వెనకున్న మెరిసే రేకు మీద చిన్న నల్ల టేపు ముక్క అంటించింది. మెరిసే లోహాన్ని ఊరికే చూస్తే కెమెరా మోసపోతుందట. ఐదు నిమిషాలాగి చూసింది. తొంభై మూడు డిగ్రీలు.

హాల్లో చెంచాల చప్పుడు ఆగిపోయింది.

"టేపు అంటిస్తే ఏదైనా వేడిగానే కనిపిస్తుంది," అన్నాడు డిడ్డెన్స్.

"టేపు వద్దంటే వేలు పెట్టి చూడండి."

ఆయన పెట్టలేదు.

"ఈ కార్డుకి మెమరీ చిప్పులు రెండు వైపులా ఉన్నాయి," అంది వీబ్కె. "మీ నీళ్లు ముందువైపే పారుతున్నాయి. వెనకవాటి గతేంటి? రేకే తొంభై మూడుంటే లోపల చిప్పులు వంద దాటే ఉంటాయి."

"బ్లాక్ వచ్చిన అట్టపెట్టె మీద 'మొత్తం కప్పే బ్లాక్' అని రాసుంది కదా," అన్నారు వెనక నుంచి ఎవరో, అట్ట మీద రాశాక ఇక అపీలే లేదన్నట్టు.

డిడ్డెన్స్ గొంతు సవరించుకున్నాడు. "సభ్యుడి తెర మీద కనిపించే అంకే మన క్లబ్బుకి ప్రమాణం. బయటి పరికరాలు హాల్లోకి తేకూడదు. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి."

పదహారు చేతులు లేచాయి. అందులో ఒకటి నాది. వీబ్కె ఒక్కొక్క చెయ్యినీ తీరిగ్గా చూసి, నా దగ్గర కాసేపు ఆగింది. నేను తలొంచుకుని మినిట్స్‌లో తీర్మానం రాసుకున్నాను. ఆవిడ కార్డు వెనక వేడిని గాలిలోకి వదిలే అల్యూమినియం రెక్కలూ ఒక చవక ఫ్యానూ ఉన్నాయి. దాన్ని అందవికారమని ఆఖరి స్థానంలో పెట్టారు.

మూడు వారాల తర్వాత ఒక శనివారం పొద్దున నా కార్డును సంచీలో పెట్టుకుని, ఎవరికీ కనబడకుండా వీబ్కె ఇంటికెళ్లాను. వంటగదిలో డిడ్డెన్స్ కూర్చుని ఉన్నాడు. ఒళ్లో తువ్వాలులో చుట్టిన కార్డు. నన్ను చూసి కిటికీవైపు తిరిగాడు.

"రా, టామ్మో," అంది వీబ్కె నాతో. "నువ్వు మూడోవాడివి. మొన్న ఒకాయన వచ్చి వెళ్లాడు. ఆయన కూడా చెయ్యెత్తినవాడే."

డిడ్డెన్స్ తెర మీద వారం నుంచి రంగురంగుల చుక్కలు పడుతున్నాయట. వీబ్కె మరలు తీసి బ్లాక్‌ను పైకి లేపింది. కరెంటు భాగాలకూ బ్లాక్‌కూ మధ్య, వేడిని అందించడానికి మెత్తటి పట్టీలుంటాయి. వాటి మీది ప్లాస్టిక్ పొర అలాగే ఉంది. అంటించేముందు ఒలిచి పారేయాల్సిన పొర అది. రెండేళ్లుగా ఆ వేడి అందులోంచే పోవాల్సొచ్చింది.

"బ్లాక్ ఎవరు బిగించారు?" అని అడిగింది వీబ్కె.

"నేనే," అన్నాడు డిడ్డెన్స్, చెవిలో చెప్పినట్టు.

"వెనకవైపు సరే, బ్లాక్‌కి అందదు. ముందువైపు అందేది కూడా మీరు అందనివ్వలేదు."

మా ప్రాంతంలో ఇంటికొచ్చినవాళ్లకి మూడు కప్పుల టీ పోయకుండా పంపరు. వీబ్కె మా ఇద్దరికీ ఒక్కో కప్పు పోసి, కెటిల్ తీసుకెళ్లి అలమరలో పెట్టేసింది. తర్వాత పొరలు ఒలిచి, పట్టీలు మార్చి, వెనక రెక్కలు బిగించింది. రెండు కార్డులూ బతికాయి.

తువ్వాలు మడుస్తూ డిడ్డెన్స్ అన్నాడు: "ఈ సంగతి క్లబ్బులో..."

"చెప్పను," అంది. "నేను మళ్లీ అక్కడికి రాను. మీరంతా నాకు ముందువైపు నుంచే తెలుసు, అదే చాలు."

డిసెంబరు సమావేశంలో డిడ్డెన్స్ లేచి నిలబడ్డాడు. చాలా నెలలుగా తాను చేస్తున్న పరిశీలనలో ఒక విషయం తేలిందన్నాడు. వాటర్ బ్లాకులు కార్డు మొత్తాన్ని చల్లబరచవట. వెనకవైపు విడిగా రెక్కలు పెట్టుకోవాలట. పట్టీల పొరలు ఒలవడం మరిచిపోయే అజాగ్రత్తపరులు కూడా ఉంటారట. సభ్యులు చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా కొట్టినవాడు, వీబ్కె ఇంటికి మొదట వెళ్లినవాడే; అతని కార్డు వెనక రెక్కలు అప్పటికే ఉన్నాయి.

నేను మినిట్స్‌లో 'అధ్యక్షుల పరిశీలన' అని రాశాను. డిడ్డెన్స్ కాగితం తీసుకుని చదివి, ఒక అక్షర దోషం దిద్ది, సంతకం పెట్టాడు.