కాలిన వాసన

ఆ పరిశోధన పిల్ల నా పరువు తీసింది. ఇందులో వాదనకేమీ లేదు. నేను పల్లెటూరి బడిలో ఏడో తరగతి వరకే చదివాను. పరువు పోయిందని తెలుసుకోవడానికి ఆ చదువు చాలు.

నాది మోటారు వైండింగు షాపు. కాలిపోయిన మోటార్లు తెస్తారు. పాత రాగితీగ పీకేసి కొత్తది చుట్టి ఇస్తాను. షాపు వెనకే ఇల్లు. నా భార్య సబ్బుల ఫ్యాక్టరీలో ప్యాకింగు పని చేసేది. పోయిన ఏడాది కడుపులో గడ్డతో పోయింది. పెద్దాసుపత్రి డాక్టరు స్కానింగు చూసి, "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?" అన్నాడు. ఆమెను కాదు, నన్నడిగాడు.

ఆమె ఇంకా తిరుగుతున్న రోజుల్లోనే ఆ పిల్ల మా వీధికి వచ్చేది. ఆడవాళ్ళు జబ్బు ముదిరాక గానీ ఆసుపత్రికి ఎందుకు రారన్నది ఆమె పరిశోధన. మా గడపమీద కూర్చుని నా భార్యతో మాట్లాడేది. నా భార్య నవ్వు షాపులోకి వినిపించేది. నా దగ్గర అంత నవ్వు నవ్వగా నేను చూడలేదు.

నా భార్య పోయాక ఒకరోజు మా మరదలు వచ్చింది. ఆమెదీ అదే ఫ్యాక్టరీ.

"బావా, రేపు మునిసిపాలిటీ మీటింగు. మన వీధి ఆసుపత్రి రాత్రి ఎనిమిదింటిదాకా తెరిచి ఉంచమని అడుగుతున్నాం. జనం కనబడాలి, నువ్వూ రా."

"నేనొక్కణ్ణే జనమా?"

"కుర్చీ నింపితే చాలు. నోరు విప్పక్కర్లేదు. ఆ పని నీకు బాగానే వచ్చుగా!"

వెళ్ళాను. పొడుగు హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, కూత పెట్టే మైకు. మా వీధి వాళ్ళందరూ ఉన్నారు. ఆ పిల్ల లేచి, తాను తెలుసుకున్నది చెప్పింది. ఆలస్యంగా వచ్చినవాళ్ళలో సగం మందికి పైగా చెప్పిన కారణం ఒకటేనట. పని వదిలేసరికి ఆసుపత్రి మూసేస్తున్నారు. పగలు సెలవు పెడతానని ఇంట్లో అంటే, రేపు చూద్దాం అంటున్నారు. తర్వాత ఒకామె చెప్పిన మాట చదివింది. పేరు చెప్పలేదు.

"మా ఆయన వీధి చివర మోటారు కాలినా వాసన పసిగడతాడు. పక్కన పడుకున్న నేను కాలిపోతుంటే మాత్రం ఆయనకు తెలియదు."

మా పేటలో వైండింగు షాపు ఒక్కటే. పేరు దాచి ఏం లాభం? ముందు వరుసల్లో తలలు ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి. టీకొట్టు వాడు తిరిగి, చటుక్కున మళ్ళీ ముందుకు చూశాడు. మరదలు ఒళ్ళో చేతులు చూసుకుంటూ కూర్చుంది. నా చెవులు వేడెక్కాయి. ఆ మాట నా భార్యదే. అలా సూదిలా గుచ్చడం ఆమెకే వచ్చు. నా ఇంటి మాట ఇలా నలుగురిలో చదివే ముందు నన్నొక్క ముక్క అడగాలని ఈ పిల్లకి తోచలేదా అని ఒళ్ళు మండింది. లేచి బయటికి పోదామనుకున్నాను.

అంతలో సభ్యుల వరుసలోంచి కాంట్రాక్టరు మైకు లాక్కున్నాడు. రోడ్ల పనులు చేయించి చేయించి సభ్యుడైనవాడు.

"ఎవరమ్మా ఈవిడ? పేరు చెప్పు."

"చెప్పనని ఆమెకి మాటిచ్చానండీ."

"అదీ సంగతి! ఫ్యాను కింద కూర్చుని డైలాగులు అల్లుకొచ్చారు. ఏ ఆడదైనా సొంత మొగుణ్ణి ఇలా అంటుందా? ఒకవేళ అన్నా, పని ఎగ్గొట్టడానికి ఆడిన అబద్ధం అయ్యుంటుంది. దీన్ని నమ్మి డాక్టరుకి రాత్రి జీతం ఇమ్మంటారా?"

కొందరు నవ్వారు. ఆ పిల్ల మొహం పాలిపోయింది. ఒక్క చూపు నావైపు చూస్తే సరిపోయేది. చూడలేదు. గోడను చూస్తూ నిలబడింది. ఆ మర్యాద నాకు చెంపదెబ్బలా తగిలింది.

నేను లేచాను. ఆసుపత్రి కోసం కాదు. ఆ పిల్ల కోసమూ కాదు.

"ఆవిడ అబద్ధమాడే మనిషి కాదు."

"నీకెలా తెలుసయ్యా?"

"నా భార్య."

"మరి ఆ మొగుడు..."

"నేనే. మోటారు వాసన నాకు తెలుస్తుంది. అంతవరకే తెలుస్తుంది."

కూర్చున్నాను. కాంట్రాక్టరు మైకు బల్లమీద పెట్టేశాడు. తర్వాత సభ్యులు చేతులెత్తారు, తీర్మానం గెలిచింది. నేను ఎవరి మొహమూ చూడకుండా ఇంటికి వచ్చేశాను.

ఇప్పుడు సాయంత్రాలు ఆసుపత్రి ముందు లైటు వెలుగుతోంది. ఫ్యాక్టరీ వదిలాక ఆడవాళ్ళు గుంపుగా నా షాపు ముందు నుంచే పోతారు. షాపు దగ్గరికి రాగానే మాటలు ఆపేస్తారు. దాటాక మళ్ళీ మొదలెడతారు. టీకొట్టు వాడు గ్లాసు పెట్టి వెళ్ళిపోతాడు. ఇదివరకు నన్నొక్క మాట ఎత్తిపొడవకుండా పోయేవాడు కాదు.

కొన్నాళ్ళకు ఆ పిల్ల షాపుకి వచ్చింది.

"థ్యాంక్స్ చెబుదామని వచ్చానండీ."

"నాకక్కర్లేదు. నా భార్య మాట అందరి ముందూ చదివావు. ముందుగా నన్నెందుకు అడగలేదు?"

ఆ పిల్ల తలుపు దగ్గరే నిలబడింది.

"అడగడానికే వచ్చానండీ. ఆవిడ పోయాక, మీటింగుకి ముందు రెండుసార్లు వచ్చాను. మీరు తలెత్తలేదు. పనుంది, రేపు చూద్దాం అన్నారు."

నాకు గుర్తు లేదు. కానీ అది నా మాటే. నేను అందరికీ అదే చెబుతాను. నా భార్యకూ అదే చెప్పాను, నొప్పి అన్న ప్రతిసారీ.

చేతిలో తీగ చుట్ట కింద పెట్టాను. ఆ పిల్ల ఇంకేదో అనబోయింది. వెళ్ళిపొమ్మని చెయ్యి ఊపాను. షట్టరు దించేశాను.

ఆ పిల్లను నేను క్షమించలేదు. నన్నూ క్షమించుకోలేదు. మరదలు ఈ సంగతి ఎత్తితే లేచి లోపలికి పోతాను. హాల్లో ఒకసారి చెప్పాను, ఇప్పుడు మీకొకసారి చెప్పాను. ఇకమీదట ఎవరడిగినా, ఎప్పుడడిగినా నా నోట ఈ మాట రాదు.