చిలకమ్మ వంతు

"తొట్టిలో పాచి లేకుండా చూడు. పోయినసారి ఒకాయన పాపాలు కడుక్కుందామని దిగి నడుం విరగ్గొట్టుకున్నాడు," అని చెప్పి అయ్యగారు ప్రసంగం రాసుకోవడానికి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు.

శనివారం. ఆమె బట్టలు మోకాళ్లదాకా దోపుకుని, బ్రష్షు పట్టుకుని తొట్టిలోకి దిగింది. అయ్యగారు ఆ ప్రార్థన మందిరానికి పాస్టరు. ఆమె ఆయన భార్య కాబట్టి అందరికీ అమ్మగారు. ఇరవై ఆరేళ్లుగా ఆమె అందుకుంటున్న జీతం ఆ 'గారు' ఒక్కటే.

తొట్టి మందిరం లోపలే, వేదిక వెనకాల ఉంటుంది. సిమెంటుది, ఆరు మెట్లు, మనిషి గుండెలదాకా లోతు. పెరట్లో కుళాయికి పైపు తగిలించి నింపాలి. బాప్తిస్మానికి వచ్చేవాళ్లు వణక్కుండా నాలుగు పెద్ద గిన్నెల నీళ్లు కాచి కలపాలి. తెల్లంగీలు ఉతికి ఇస్త్రీ చేయాలి. క్రీస్తు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు రొట్టె కాల్చాలి, ద్రాక్షరసం పిండాలి, చిన్న గ్లాసులు కడిగి తుడవాలి, మునిగినవాళ్ల పేర్లు పుస్తకంలో రాయాలి. "ఊళ్లో జనాన్ని ముంచేవాళ్లు చాలామందే ఉన్నారు, పైకి లేపేది మాత్రం మా ఆయనొక్కరే" అని కొత్తల్లో ఆమె నవ్వుతూ చెప్పేది. ఇప్పుడా జోకు కూడా నాని నాని మెత్తబడిపోయింది. ఇన్నేళ్లలో ఆ తొట్టిలో ఎన్ని పాపాలు కడిగారో లెక్కలేదు. తొట్టి కడిగే మనిషిని చూసి 'పాపం' అన్నవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

అదైనా ఓర్చుకునేదేమో. ఓర్చుకోలేనిది చివరి వరుసలో కూర్చుంటోంది.

ఆమె తల్లి ఆరేళ్లుగా వీళ్ల వెనక గదిలోనే ఉంటోంది. పసిబిడ్డగా ఉన్నప్పుడు వేరే సంఘంలో నుదుటి మీద నీళ్లు చిలకరించి ఇచ్చిన బాప్తిస్మం ఆవిడది. అయ్యగారి సంఘంలో చిలకరింపు చెల్లదు. నిండా మునగాలి, మునగనివాళ్లకు రక్షణ లేదు, రక్షణ లేనివాళ్లకు బల్ల మీది రొట్టె లేదు. అందుకే ప్రతి నెలా రొట్టె పళ్లెం ఆవిడ ముందునుంచే పక్క మనిషి దగ్గరికి వెళ్లిపోతుంది. సంఘంవాళ్లు ఆవిడకు చిలకమ్మ అని పేరు పెట్టారు. చిలకరింపు అమ్మ కదా, అందుకని. "నయమే, చిలక అన్నారు. కాకి అనలేదు," అని ఆవిడే నవ్వేసింది. ఒకసారి కూతురికి సాయంగా గ్లాసులు తుడుస్తుంటే మాత్రం నవ్వలేకపోయింది. సంఘ పెద్ద వచ్చి చేతిలో గ్లాసు లాక్కుని, గోడ మీద బోర్డు చూపించాడు. 'ముంచబడనివారు బల్ల సామాను, బాప్తిస్మపు తొట్టి ముట్టరాదు.' అక్షరాలు అయ్యగారివే, గుండ్రంగా, అందంగా ఉంటాయి.

ఈ మధ్య ఆవిడకు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఇక ఎక్కువ రోజులు లేవని డాక్టరమ్మ చెప్పింది. "లోపలినుంచే మునుగుతున్నానని మీ ఆయనకు చెప్పవే, ఒప్పుకుంటాడేమో," అంది తల్లి. కాసేపు ఆయాసపడి, "ఒక్కసారి ఆ రొట్టె తినిపించవే," అంది.

బ్రష్షు పక్కన పెట్టి, తడికాళ్లతోనే ఆమె గది తలుపు తట్టింది.

"ఏవండీ, రేపు బల్లలో అమ్మకు కూడా..."

"ముంచకుండా ఎలా ఇస్తానోయ్?"

"ముంచితే ప్రాణం పోతుందని డాక్టరమ్మ చెప్పింది కదండీ."

"ఆత్మ పోవడం కంటే నయం కదా."

"మరి అత్తయ్యగారి ఆత్మ సంగతేంటండీ?"

"మా అమ్మ ఊసెందుకు ఇప్పుడు?"

"రేపు మాపంటూ ఆవిడ మునగడం వాయిదా వేస్తూ వచ్చారు. చివరికి తుంటి విరిగిందని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. నెత్తిన మూడు మగ్గులు పోశారు. మగ్గు పట్టుకుంది నేనే. 'ముంచబడెను అని రాయి' అన్నారు. రాసిందీ నేనే."

ఊరందరినీ నీళ్లలో ముంచే మనిషి కాసేపు నీళ్లు నమిలారు. "అది వేరు. దేవుడు ఆవిడ మనసు చూశాడు."

"మా అమ్మ మనసు చూడాలంటే ఆయనకు కళ్లజోడు కావాలా?"

"ఎగతాళి చేయకు. నువ్వు మాత్రం? పెళ్లయిన వారానికే చిన్నప్పటి చిలకరింపు చెల్లదని ఒప్పుకునే కదా తొట్టిలోకి దిగావు."

ఒప్పుకుంది. ఆ మాట ఆమెను తొట్టిదాకా వెంబడించింది. అప్పుడామెకు ఇరవై ఏళ్లు. కొత్త కాపురం. "మీ అమ్మ చేయించింది బాప్తిస్మం కాదు, ముఖం కడగడం," అని, తనింకా మునగని అత్తగారే వంటింట్లో అంటే నవ్వాలో ఏడవాలో తెలియక గిన్నెలు కడిగింది. అందరూ చూస్తుండగా ఆయన చేతుల్లో వెనక్కి వాలింది, మునిగింది, లేచింది, తుమ్మింది. చప్పట్లు కొట్టారు. మొదటి వరుసలో తల్లి కూడా కొట్టింది. ఆ చేతులే ఒకప్పుడు నలభై రోజుల పిల్లను ఎత్తుకుని పాత మందిరంలో నిలబడ్డాయి. "మూడు చుక్కలు నీ నుదుటి మీద పడ్డాయే, నాలుగోది నా కంట్లోంచి పడింది," అని చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పేదో. ఆ నాలుగు చుక్కలకూ నీళ్లొదిలేసి ఆమె ఈ తొట్టెడు నీళ్లలోకి దిగింది. బదులుగా ఏమొచ్చింది? బ్రష్షు వచ్చింది. మారుమనసు గురించి గంటలకొద్దీ చెప్పే మనిషికి మారు అన్నం వడ్డించే పని వచ్చింది. అయినా ప్రభువు పక్క సిలువ మీద వేలాడిన ఆ దొంగకు తొట్టి ఎవరు కట్టారు? నీళ్లెవరు కాచారు? మేకులు కొట్టిన చేతులతో 'నన్ను గుర్తుంచుకో' అని ఒక్క మాట అడిగాడు, అంతే. ఆ మాటకే పరలోకం తలుపు తీసిన దేవుడు, మా అమ్మ దగ్గరికొచ్చేసరికి కొలబద్ద పట్టుకుని లోతు కొలుస్తాడా?

ఆమె తొట్టి తళతళలాడేలా తోమింది. పైపు మాత్రం తగిలించలేదు.

ఆదివారం తెల్లవారగానే అయ్యగారు మందిరంనుంచి పరుగులాంటి నడకతో ఇంటికొచ్చారు.

"ఏమోయ్, తొట్టి ఎండిపోయి ఉందేంటి? తొమ్మిదిమంది వస్తున్నారు."

ఆమె పొయ్యి దగ్గర రొట్టె తిప్పుతోంది. "మీరన్నదాని గురించే ఆలోచించానండీ. పెళ్లయిన వారానికి మీరిచ్చిన బాప్తిస్మం వెనక్కిచ్చేస్తున్నాను. మా అమ్మ చేయించిందే నాది. ఇకనుంచి నేనూ చిలకరింపు మనిషినే."

"మతి పోయిందా నీకు? ముంచింది ముంచిందే. వెనక్కెలా ఇస్తావు?"

"చల్లింది చల్లిందేనని మా అమ్మా అంటోందండీ. దాన్ని మీరెలా కొట్టేశారో, ఇదీ అలాగే."

"సరే, అవన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు తొట్టి నింపు."

"ముట్టకూడదండీ."

"ఏంటి?"

"ముంచబడనివారు తొట్టి ముట్టరాదు. గ్లాసులు, బల్ల రొట్టె, ఏదీ. బోర్డు మీద అక్షరాలు మీవే."

ఆయన వాక్యం కోసం వెతికారు. చివరికి ఆయన చేతికి దొరికింది బకెట్టు.

ఆ రోజు ఆరాధన గంటన్నర ఆలస్యమైంది. అయ్యగారూ, సంఘ పెద్దా పైపు ఎక్కడ దాస్తారో తెలియక వెతికారు. దొరికాక దాన్ని కుళాయికి ఎలా బిగిస్తారో తెలియక ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. నీళ్లు కాచాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు. తొమ్మిదిమందీ చన్నీళ్లలో మునిగి, పళ్లు టకటకలాడిస్తూ రక్షణ పొందారు.

ఇక మిగిలింది బల్ల. అయ్యగారు తెల్లగుడ్డ తీశారు. పళ్లెం ఖాళీ. గ్లాసులు ఖాళీ. ఆయన తలెత్తి మొదటి వరుస చూశారు. అమ్మగారి కుర్చీ కూడా ఖాళీయే.

ఆమె చివరి వరుసలో తల్లి పక్కన కూర్చుని ఉంది. మొగుడు ఒప్పుకోక మునగని దర్జీ ఆవిడ ఇటు, నీళ్లంటే భయపడే నర్సమ్మ అటు. ఒళ్లో గుడ్డ విప్పి, పొద్దున ఇంటి పొయ్యి మీద కాల్చిన రొట్టె తీసింది. ఒక్క ముక్క విరిచి తల్లి నోట్లో పెట్టింది. ఆవిడ కళ్లు మూసుకుని, ఊపిరికీ మింగడానికీ మధ్య సందు చూసుకుంటూ, నెమ్మదిగా నమిలింది. దర్జీ ఆవిడ చెయ్యి చాపింది. తర్వాత నర్సమ్మ.

సంఘ పెద్ద లేవబోయాడు. "అమ్మగారూ, ఇది పద్ధతి కాదండీ."

"మునగనివాళ్లం మేం మా రొట్టె మేం తింటున్నామండీ. మీ బల్ల మేం ముట్టలేదు."

అయ్యగారు వేదిక దిగి వచ్చారు. నడిచిన దారంతా నీళ్లు. భార్య ముందుకొచ్చి నిలబడ్డారు. చంకలదాకా తడిసిన చొక్కా, వణుకుతున్న గడ్డం. మందిరమంతా మెడలు తిప్పి చూస్తోంది. ఆమె తల దించలేదు, చేతిలో రొట్టె దాచలేదు.

చిలకమ్మ కళ్లు తెరిచి అల్లుణ్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"బాగా తడిశారు బాబూ. ఇలా కూర్చోండి," అని పక్కకు జరిగి, కూతురి చేతిలోంచి ఒక ముక్క తీసుకుని ఆయనకు అందించింది. ఎవరు ముంచారని అడగలేదు, ఎంత లోతు మునిగారనీ అడగలేదు.