పడవల బొమ్మ బాకీ

చిత్రకారుడు బొమ్మల వ్యాపారికి రాసిన మొదటి ఉత్తరం ఎంతో మర్యాదగా ఉంది. "మీ దుకాణంలో పెట్టిన నా మూడు పడవల బొమ్మల్లో ఏదైనా అమ్ముడుపోతే దయచేసి తెలియజేయగలరు. రంగులు కొనుక్కోవాలి" అని రాశాడు. మూడు వారాలకు నాలుగు పేజీల జవాబు వచ్చింది. అందులో కళ గురించి ఉంది, వానల గురించి ఉంది, వ్యాపారి మోకాలి నొప్పి గురించి కూడా ఉంది. డబ్బు ఊసు మాత్రం లేదు.

రెండో ఉత్తరంలో మర్యాద తగ్గింది. జవాబులో పొగడ్త పెరిగింది. అయిదో ఉత్తరానికి, "మిత్రమా, ఒక్కటీ కదల్లేదు. ఈ రోజుల్లో బొమ్మలు కొనే నాథుడేడీ?" అని వచ్చింది.

చిత్రకారుడి భార్య బట్టలు కుట్టి ఇల్లు నడుపుతోంది. మిషను ఆపి ఆ ఉత్తరం విన్నది.

"మాటలు కోటలు దాటుతున్నాయి గానీ, ఆయన చెయ్యి మాత్రం జేబు దాటట్లేదు" అంది.

ఆ వారంలోనే అతనికి దవడ పన్ను వాచింది. వీధి చివరి పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, ఫీజు వచ్చే నెల ఇస్తానని బతిమాలుకుని కుర్చీలో వాలాడు. నోరు తెరిచాడు. ఎదురుగా గోడ మీద తన పడవలు!

"ఆ... ఆ..." అన్నాడు నోట్లో అద్దంతో.

"నొప్పిగా ఉందా?"

అద్దం తీశాక గానీ మాట రాలేదు. "ఆ బొమ్మ ఎక్కడిదండీ?"

"బాగుంది కదూ? కొని పది నెలలైంది. డబ్బు మొత్తం ఒకేసారి ఇచ్చేశాను, రసీదు కూడా ఉంది."

"అది నేను వేసిందేనండీ."

డాక్టరమ్మ అతణ్ణి ఎగాదిగా చూసింది. "మరి నా ఫీజుకి వాయిదా అడుగుతారేంటి?"

రసీదు నకలు పట్టుకుని ఇంటికొచ్చి ఎనిమిది పేజీల ఉత్తరం రాశాడు. పెన్ను పోటుకు కాగితం రెండు చోట్ల చిరిగింది.

"దీనికీ ఆయన చక్కగా జవాబు రాస్తాడు" అంది భార్య. "మీకు కావాల్సింది జవాబా, డబ్బా?"

మర్నాడు పొద్దున్నే ఆవిడ అంచులు మడవాల్సిన ప్యాంట్లు సంచిలో వేసుకుని, భర్తను వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్ళింది. రసీదు నకలు బల్ల మీద పెట్టి, కొనేవాళ్ళ కోసం వేసిన సోఫాలో కూర్చుని సూదిలో దారం ఎక్కించింది.

"టీ తాగుతారా అమ్మా?" అన్నాడు వ్యాపారి, మొహం పాలిపోయి.

"వద్దండీ. మీ పని మీరు చూసుకోండి. డబ్బు వచ్చేదాకా నా పని నేను చేసుకుంటాను."

పదకొండింటికి ఒక జంట వచ్చింది. కుడుతున్న మనిషిని చూసి నవ్వారు. "మీరు ఇక్కడ పనిచేస్తారా?"

"లేదండీ. పది నెలల కిందట అమ్మిన బొమ్మకి మా ఆయనకి రావాల్సిన డబ్బు కోసం కూర్చున్నా."

ఆ జంట మళ్ళీ వస్తామని జారుకుంది. నాలుగో ప్యాంటు సగంలో ఉండగా వ్యాపారి సొరుగు తెరిచాడు.

మిగిలిన రెండు బొమ్మలూ ఒళ్ళో పెట్టుకుని ఇద్దరూ బస్సెక్కారు. చిత్రకారుడు లెక్క చీటీ చూస్తూ గుర్రుమన్నాడు. "కమీషన్ పట్టుకున్నాడు, సరే. ఆ పనికిమాలిన ఉత్తరాలకి స్టాంపుల ఖర్చు కూడా నా మీదే వేశాడు!"

"పోనివ్వండి."

"పోనివ్వడమా? ఇంటికెళ్ళగానే ఒక ఉత్తరం రాస్తాను."

ఆవిడ రెండు చేతులతో తల పట్టుకుంది.