ఒక గడి కిందికి

"పాత దాంట్ల ఉన్నయన్నీ కొత్త దాంట్ల పడాలె. ఒక్క పాస్‌వర్డు పోయినా రేపు నా దుకాణం బంద్," అన్నాడు రాంచందర్ బండి తాళంచెవి తీసుకుంటూ. గడప దాటినవాడు మళ్లీ వెనక్కి తిరిగి, "జర నిమ్మళంగ చెయ్యి. ఆనాడు గొట్టినట్టు గొట్టకు," అని నవ్వి పోయాడు.

స్వర్ణలత కూడా నవ్వింది. ఏడేళ్లుగా ఆ మాటకు నవ్వడం ఆమెకు అలవాటైపోయింది. మంచం మీద కూర్చొని చేటలో కందిపప్పు ఏరుతున్న అత్త వెంకటనర్సమ్మ మాత్రం నవ్వలేదు. "మేము మగ్గం మీద చీరకు వేల పోగులు అతికినం. ఒక్క పోగు తప్పలే. నువ్వు ఒక్క అంకె కొట్టలేకపోతివి," అంది, అది నిన్నటి సంగతైనట్టు.

మక్తల్ బజారులో రాంచందర్‌ది విత్తనాలు, ఎరువుల దుకాణం. గల్లా ముందు కూర్చునేది అతను. కంపెనీలకు ఆర్డర్లు పెట్టడం, వచ్చిన బస్తాలను స్టాకులో ఎక్కించడం, నెలనెలా పన్ను కాగితాలు నింపడం అన్నీ ఇంట్లో, వంట అయ్యాక, ముందుగదిలోని కంప్యూటర్ మీద స్వర్ణలత చేస్తుంది. "రాంచందర్ సేటు దుకాణంల అంత ఆన్‌లైనే" అని బజారంతా చెప్పుకుంటుంది. ఏ నంబరైనా ఆమె మూడుసార్లు చదువుతుంది. తెర మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ. ఫోన్‌లో నంబర్ చెప్పే కంపెనీ పిల్లగాడు విసుక్కుంటాడు. "ఎన్నిపార్లడుగుతవమ్మా, ఒక్కపారి చెప్తె సమజ్ గాదా" అంటాడు. సమజ్ అవుతుంది. కానీ తన వేలి మీద తనకు నమ్మకం లేదు. ఈ ఏడేళ్లలో ఒక్క బస్తా తప్పు పడలేదు, ఒక్క కాగితం వెనక్కి రాలేదు. ఆ సంగతి ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఆమెకు కూడా తోచలేదు.

కొత్త ల్యాప్‌టాప్ పెట్టెలోంచి తీసి, పాత కంప్యూటర్ పక్కన పెట్టింది. మౌస్ ఎడమవైపు ఉంది. రాంచందర్‌ది ఎడమచేతి వాటం. పొద్దున క్రికెట్ స్కోరు చూసుకొని ఉంటాడు. మౌస్ కుడివైపుకు జరుపుకొని కూర్చుంది. ఎలా చెయ్యాలో నిన్ననే తెలుగు వీడియో ఒకటి రెండుసార్లు చూసింది. పాత బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులన్నీ ఒక ఫైలుగా దించుకొని, పెన్ డ్రైవ్‌లో వేసి, కొత్త దాంట్లోకి ఎక్కించాలి. అంతే. ఫైలు దిగింది. అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూడకుండా ఎక్కించడం ఆమె వల్ల కాదు కదా. తెరిచింది. వరసకు ఒకటి చొప్పున అరవై నాలుగు. ఒక గడిలో సైటు, పక్క గడిలో పేరు, దాని పక్కన పాస్‌వర్డు, చుక్కల చాటు లేకుండా, పచ్చిగా. తను పెట్టినవన్నీ ఒకదానికొకటి పొంతన లేనివి. అతను పెట్టినవన్నీ ఒకటే, తన ముద్దుపేరు, చివర బండి నంబరు 5521. "ఎన్నని యాదికి పెట్టుకోవాలె" అంటాడు.

నలభై ఒకటో వరస దగ్గర వేలు ఆగింది.

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ సైటు. పక్కన బిడ్డ నిరోష హాల్‌టికెట్ నంబరు. అది స్వర్ణలతకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. దాని పక్కన పాస్‌వర్డు ఉన్న గడిలో, ramu5521.

మూడుసార్లు చదివింది. అలవాటుగా కాదు.

ఆ పాస్‌వర్డు ఇది కాదు. అది తను, బిడ్డ కలిసి పెట్టింది. అప్పట్లో గోడ మీద తిరిగే నల్లపిల్లి పేరు, చివర నిరోష పుట్టిన సంవత్సరం. "పిల్లి పేరెవ్వరు కనుక్కుంటరే అమ్మా" అని నిరోష పొట్ట పట్టుకొని నవ్వింది. కంప్యూటర్‌లో దాచొద్దంది. నోటుబుక్కులో రాసుకొని బ్యాగులో వేసుకుంది. ఆ సాయంత్రం ఇద్దరూ పక్కపక్కన కూర్చొని కాలేజీలన్నిటికీ ఏది ముందు కావాలో వరస నంబర్లు ఇచ్చారు. నిరోష పేరు చదివితే స్వర్ణలత అంకె కొట్టింది. హైదరాబాద్‌లో హాస్టల్ ఉన్న కాలేజీకి ఒకటి. పాలమూరు రోడ్డు మీది ప్రైవేటు కాలేజీ, రోజూ బస్సులో పోయి రాగలిగినది, జాబితాలో సరిగ్గా దాని కింది గడి. దానికి ముప్పై ఆరు. ఆఖరి అంకె. అంకెలు మార్చుకోవడానికి మర్నాడే ఆఖరి రోజు. ఆ రోజు తల్లీబిడ్డలు ఆత్మకూరులో పెండ్లికి పోయారు. రాంచందర్ రాలేదు, ఒంట్లో బాగాలేదని ఇంట్లో ఉన్నాడు.

సీటు పాలమూరు రోడ్డు కాలేజీలో వచ్చింది. నిరోష గోడకు ఆనుకొని కూలబడిపోయింది. "మీ అమ్మ ఒకటి కొట్టంగ ఒక గడి కిందికి పడ్డట్టుంది బిడ్డా," అన్నాడు రాంచందర్, బిడ్డ తల నిమురుతూ. "ఆమె మీద కోపమెందుకు, జరిగేది జరిగింది. నేను బస్సు పాసు కట్టిస్త." ఏమైందో చూద్దామని నిరోష తన ఫోన్‌లో సైటు తెరిస్తే పాస్‌వర్డు తప్పంది. "సూసినవా, మీ అమ్మ అది సుత సరిగ రాసుకోలే" అన్నాడు. నోటుబుక్కు ఎవరి బ్యాగులో ఉందో, అందులో రాసిందెవరో ఆ క్షణాన స్వర్ణలతకు గుర్తుకే రాలేదు. వేలు చూసుకుంది. ఈ వేలేనేమో అనుకుంది. "నాదే తప్పేమో బిడ్డా" అంది.

మూడో ఏడు నడుస్తుండగా, రోజూ బస్సుల్లో తిరుగుడెందుకని నారాయణపేట సంబంధం చేశారు. చదువు అక్కడితో ఆగింది. ఇప్పుడు మూడేళ్ల మనస్విని ఉంది. నిరోష రోజూ తండ్రికి ఫోన్ చేస్తుంది. తిన్నవా బాపూ, బీపీ గోలి వేసుకున్నవా అని అడుగుతుంది. స్వర్ణలత ఫోన్ చేస్తే మాత్రం "ఇగో, చిన్నదానికిస్తున్న" అంటుంది. చిన్నది పుట్టినప్పటి నుంచి బిడ్డ గొంతు ఆమెకు దక్కింది ఆ రెండు మాటలే. తప్పు చేసిన తల్లికి అది కూడా ఎక్కువే అనుకుంటూ వచ్చింది.

నోటుబుక్కు లేకపోతే ఏమైంది? పాస్‌వర్డు మరిచిపోయామని నొక్కితే ఓటీపీ వచ్చేది ఎవరి ఫోన్‌కు? సైటులో ఇచ్చింది ఆయన నంబరే. కొత్త పాస్‌వర్డు పెట్టుకున్నాడు. బిడ్డ హాస్టల్‌కు పోకుండా ఒకటిని ఒక గడి కిందికి దించాడు. దాచాలా అని బ్రౌజర్ అడిగితే, అన్నిటికీ నొక్కినట్టే సరే అని నొక్కాడు.

ఫోన్ తీసింది. నిరోషకు కలిపింది.

"ఆ, అమ్మా. ఇగో, చిన్నదానికి..."

"దానికియ్యకు బిడ్డా. నువ్వే ఉండు." ఫోన్ చెవికి అదుముకుంది. "ఆ ఒకటి నేను కిందికి కొట్టలే నిరోషా. మీ బాపు మార్చిండు. గీడ పాస్‌వర్డు ఉన్నది, బండి నంబరు..."

అవతల కుక్కర్ కూత ఒకటి వినిపించింది. ఇంకొకటి. నిరోష స్టవ్ ఆపినట్టుంది.

"నాకు తెల్సమ్మా."

"ఏందే?"

"ఆనాడే తెల్సు. సీటు వచ్చిననాడు బాపు ఫోన్ల మెసేజ్ చూసిన. మనం ఆత్మకూరుల పెండ్లి బువ్వ తినే యాల్లకు వచ్చింది ఓటీపీ."

"మరి నాకెందుకు చెప్పలేదే? ఇన్నేండ్లు నా మీద..."

"నీకు చెప్పాల్నా?" నిరోష గొంతు పెరిగింది, వెంటనే ఎవరో ఉన్నట్టు తగ్గింది. "అంకెలు కొట్టింది నువ్వు. నేను చదువుతుంటే ఒక్కొక్కటి కొట్టినవు. నీ కండ్లతోని చూసినవు. బాపు గట్ల అనంగనే 'నాదే తప్పేమో' అన్నవు. నేనాడ గోడకు కూసోని నీ మొకమే చూస్తున్ననమ్మా. ఒక్కపారి, నేను తప్పు కొట్టలే అంటవని. నువ్వంటే, నీ పక్కన నిలబడి నేను కొట్లాడుదునని. నువ్వనలే. ఆయనను కాపాడనీకే ఒప్పుకున్నవనుకున్న. నిజంగ తెల్వదా నీకు?"

తెల్వదు బిడ్డా అనబోయింది. ఆత్మకూరు నుంచి వచ్చిన సాయంత్రం కళ్లకు కట్టింది. పెండ్లి చీర ఇంకా మార్చలేదు. కరెంటు బిల్లు కడదామని కూర్చుంది. మౌస్ ఎడమవైపు ఉంది. దాన్ని కుడివైపుకు జరుపుకొని, బిల్లు కట్టి, లేచి అన్నం వండింది. ఒంట్లో బాగాలేదన్న మనిషి ఇక్కడ కూర్చున్నాడని చేతికి తెలిసింది. ఆ చెయ్యిని ఆమె ఏమీ అడగలేదు. ఏడేళ్లు దాన్నే అనుమానించింది. ఉన్న ఒక్క సాక్ష్యమూ అదే.

"మౌస్..." అంది.  

వాకిట్లో బండి ఆగింది. రాంచందర్ బువ్వకు వచ్చాడు. స్వర్ణలత ఫోన్ కీబోర్డు పక్కన పెట్టింది. కట్ చెయ్యలేదు.

"ఏమైంది, పడ్డయా?" అన్నాడు చేతులు కడుక్కుంటూ.

"అన్ని దిగినయి. అరవై నాలుగుకు అరవై నాలుగు."

"సరిగ చూసినవా? మల్ల ఒక గడి కిందికి కొట్టేవు!" అని నవ్వాడు. మంచం మీద అత్త చేట విదిలించి, "ఆమెకది పుట్టుకతోనే వచ్చింది" అంది. ఇద్దరూ ఆమె నవ్వు కోసం ఆగారు. ప్రతిసారీ వచ్చే నవ్వు.

కీబోర్డు పక్కన ఫోన్ మీద క్షణాలు ఒక్కొక్కటే పెరుగుతున్నాయి. నిరోష ఇంకా ఉంది. స్వర్ణలత అతని వైపు తిరిగింది. లోపల మూడుసార్లు చదువుకోలేదు. ఒక్కసారే, ఫోన్‌కు వినిపించేంత గట్టిగా అంది.

"ఆనాడు నేను తప్పు కొట్టలే."