సాంబమూర్తి రివాల్వర్

దొరబాబు విజిటర్ల పుస్తకంలో ఒక డెలివరీ మనిషి చేత సంతకం పెట్టించుకుని, గేటు ఎత్తి, మళ్ళీ దించి, కుర్చీలో కూలబడ్డాడు. బిషాన్‌లో ఆ కాండో అపార్ట్‌మెంట్ల కాపలా గది ముగ్గురు నిలబడితే నాలుగోవాడికి ఊపిరాడనంత ఇరుగ్గా ఉంటుంది. ఆయన పొట్టకి యూనిఫాం చొక్కా ఆఖరి గుండీ ఎప్పుడో విడాకులిచ్చేసింది. నెరిసిన మీసాన్ని మాత్రం రోజూ పొద్దున్నే దువ్వి, చివర్లు పైకి తిప్పుతాడు. నడుముకి వెడల్పాటి నల్ల బెల్టు. దాని కుడిపక్క ఒక తోలు సంచీ. అందులో టార్చిలైటు ఉంటుంది.

ఫోన్ మోగింది. అవతల యీషున్ నుంచి సాంబమూర్తి. ఆయనకి చెవులు సరిగ్గా వినపడవు కాబట్టి దొరబాబు స్పీకరు పెట్టి, బల్ల మీద ఫోనుకేసి వంగి అరవడం మొదలుపెట్టాడు.

"బాబాయ్! వాడిన రివాల్వర్‌కి ముప్ఫై డాలర్లా? అన్యాయం!"

"నికార్సయిన ఇనుం రా అది! ఇప్పుడొచ్చేవన్నీ ప్లాస్టిక్కే కదా!"

"చక్రం తిరగదు. ట్రిగ్గర్ బిగుసుకుపోయింది. అర్జెంటుగా ఎవణ్ణైనా లేపెయ్యాలంటే పనికొస్తుందా అది? పన్నెండుకిచ్చెయ్, మధ్యాహ్నం వచ్చి పట్టుకెళ్తా."

కిటికీ అవతల పార్సెల్ కోసం చెయ్యి చాపిన ఉమ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆవిడ అక్కడే ఒక ఫ్లాట్‌లో ఉంటుంది, బ్యాంకులో ఏదో కంప్యూటర్ల ఉద్యోగం చేస్తుంది. రోజూ "గుడ్ మార్నింగ్ అంకుల్" అనడమే తప్ప ఇంకో మాట లేదు. ఆవిడది తెనాలి అని దొరబాబుకి తెలీదు. పార్సెల్ అక్కడే వదిలేసి, చెప్పులు టపటపలాడించుకుంటూ ఆవిడ లిఫ్టు వైపు దాదాపు పరిగెత్తింది.

"పాపం, కడుపులో బాలేదేమో" అనుకున్నాడు దొరబాబు.

కాసేపటికి కాండో మేనేజరు లిమ్ వచ్చాడు. ఎప్పుడూ నవ్వే మనిషి, ఇవాళ మొహంలో నెత్తురు చుక్క లేదు. తలుపు దగ్గరే, బాగా దూరంగా నిలబడ్డాడు.

"అంకుల్, ప్లీజ్. బ్యాగ్ ఓపెన్ చెయ్యండి. స్లోలీ, హా? స్లోలీ."

ఉద్యోగం పోతుందేమోనని దొరబాబు భయపడ్డాడు. ఏం తప్పు చేశాడో అర్థం కాక, ఒక్కొక్కటే బయటపెట్టాడు. పులిహోర డబ్బా. తువ్వాలు. బీపీ మాత్రలు. ఆఖర్న, నిన్న ఇంకెక్కడో బేరమాడి కొని పాత గుడ్డలో చుట్టిన బొమ్మ రివాల్వర్. మూతికి నారింజరంగు, పిడికి ఆకుపచ్చ, పక్కన సగం చెరిగిపోయిన నక్షత్రం. పిల్లలు పోలీసాట ఆడుకునేది.

లిమ్ దాన్ని తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. ఒక కన్ను మూసి, బయట ఈతకొలను పక్కనున్న కుండీకి గురిపెట్టి, "ప్యూ!" అన్నాడు. అనేశాక సిగ్గుపడ్డాడు. "నెక్స్ట్ టైమ్ హోమ్‌లో పెట్టు, అంకుల్" అని దాన్ని తిరిగిచ్చి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ కూడా వేలితో ఇంకోసారి కాల్చాడు.

ఆ వెనకే ఉమ వచ్చింది. కళ్ళెత్తలేకపోతోంది.

"సారీ అంకుల్. మీరు ఎవణ్ణో లేపెయ్యాలంటే, నేను నిజమనుకుని కంప్లయింట్ ఇచ్చా."

దొరబాబుకి కోపం రావాల్సింది. కానీ ఆయనకి వినపడింది తెలుగొక్కటే.

"ఓరి నాయనో, నువ్వు తెలుగమ్మాయివా! ఇన్నాళ్ళూ ఇంగ్లీషులో గుడ్ మార్నింగులు చెప్పి నా నాలుక తిమ్మిరెక్కిపోయిందమ్మా!"

"అయినా ఈ వయసులో బొమ్మ తుపాకులేంటి అంకుల్?"

దొరబాబు మీసం సవరించుకున్నాడు. "మా తాతలు విశాఖపట్నం నుంచి ఇక్కడికొచ్చారు. ఇంట్లో మేం ఏడుగురం పిల్లలం. ఆటకి ఒకే ఒక్క రివాల్వర్. నా వంతు వచ్చేసరికి మా అమ్మ మకాన్‌కి, అదే అన్నానికి, పిలిచేసేది. పెద్దయ్యాక, రివాల్వర్ ఇస్తారని సెక్యూరిటీ ఉద్యోగంలో చేరా. టార్చిలైటిచ్చారు."

ఉమ నవ్వు ఆపుకోలేక పార్సెల్ మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఆ టార్చిలైటు చేతికొచ్చినప్పట్నించీ దొరబాబు పాత బొమ్మ రివాల్వర్లు కొంటూనే ఉన్నాడు. కొత్తవి కొనడు. బేరమాడకుండా కొనడు. ఇంట్లో కత్తిపీట తప్ప ఇంకో ఆయుధం కనపడకూడదని భార్య వరలక్ష్మమ్మ ఆంక్ష పెట్టింది గనక, అవన్నీ వాషింగ్ మెషీన్ వెనక దాక్కుని ఉంటాయి.

ఆ రోజు శనివారం, మధ్యాహ్నానికే డ్యూటీ అయిపోయింది. ట్రైనెక్కి యీషున్ వెళ్ళాడు. సాంబమూర్తి ఒకప్పుడు బొమ్మల కొట్టు నడిపిన మనిషి. ఇప్పుడు మోకాళ్ళు లేవనివ్వవు. కూతురు నవత ఆస్పత్రిలో నర్సు, సాయంత్రానికిగానీ రాదు. ఆయన సోఫాలో బనీనుతో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా టీపాయ్ మీద ఆ రివాల్వర్. తెల్లటి పిడి, దాని మీద పరిగెత్తే గుర్రం. నవత చిన్నప్పుడు ఏడ్చి గోల చేసి కొట్లోంచి తీయించుకున్నది. ఆ ఒక్కదాని మీద వాళ్ళిద్దరి బేరం రెండో ఏడు నడుస్తోంది.

"పన్నెండు" అన్నాడు దొరబాబు చెప్పులు విప్పకముందే.

సాంబమూర్తి ఆయాసంగా నవ్వాడు. "సరే. పన్నెండుకే తీసుకో."

దొరబాబు గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఎప్పుడూ ఇలా జరగలేదు. ముసలాయన ముందు తిట్టాలి. తర్వాత పాత రోజుల్లో కొట్టు ముందు పిల్లలు ఎలా బారులు తీరేవారో చెప్పాలి. ఆ తర్వాత ఇరవై ఎనిమిది అనాలి. అప్పుడు దొరబాబు లేచి వెళ్ళిపోతున్నట్టు నటించాలి.

"ఒంట్లో బాగుందా బాబాయ్?"

"బాగానే ఉంది. కాఫీ పెట్టు. చక్కెర దండిగా వెయ్, నవత లేదు."

వంటింట్లో దొరబాబు నీళ్ళు మరగబెడుతూ, డబ్బాపాలు వంచుతూ ఆలోచించాడు. పన్నెండుకి కొనేస్తే వచ్చే శనివారం ఏమని వస్తాడు?

"అయినా బాబాయ్, పన్నెండు మరీ తక్కువ!" అని అక్కణ్ణుంచే అరిచాడు. "గుర్రం చెక్కుచెదరలేదు. పదిహేను వేసుకో!"

జవాబు లేదు. ముసలాయన బెట్టు చేస్తున్నాడన్నమాట. పాత ఎత్తే. దొరబాబుకి ప్రాణం లేచొచ్చింది.

"పద్ధెనిమిది! ఆ ఇనుం ఇప్పుడెక్కడొస్తుంది!"

జవాబు లేదు.

"ఇరవై రెండు! ఇంక పైసా పెంచను!"

సాంబమూర్తి కప్పులో చక్కెర దండిగా వేస్తూ, తనలో తను నవ్వుకుంటూ, "సర్లే, నీ ముప్ఫై నీకే ఇస్తా, ముసలి దొంగా" అని రెండు కప్పులూ పట్టుకుని ముందుగదిలోకి వచ్చాడు.

సాంబమూర్తి తల సోఫా వీపుకి ఆనించి ఉంది. కళ్ళు సగం మూసి, తను గెలిచినట్టే పెదవి ఒక పక్కకి వంచి ఉన్నాడు. దొరబాబు పిలిచాడు. భుజం తట్టాడు. కప్పులు కింద పెట్టి, చెయ్యి పట్టుకుని చూశాడు. తర్వాత కూడా ఆ చెయ్యి చాలాసేపు వదల్లేదు.

అంబులెన్స్ వాళ్ళొచ్చి చూసి, అడ్డంగా తలలూపారు. నవత యూనిఫాంలోనే పరిగెత్తుకొచ్చింది. జరిగిందంతా విని, ఏడ్చి ఏడ్చి, మొహం కడుక్కొచ్చి, రివాల్వర్ తీసి దొరబాబు చేతిలో పెట్టింది.

"తీసుకోండంకుల్. ఊరికే ఇచ్చెయ్యమని నిన్నే చెప్పారు నాన్న. ఊరికే అంటే మీరు బాధపడతారని పన్నెండన్నారేమో."

దొరబాబు ఆ తెల్ల పిడిని బొటనవేలితో నిమిరాడు. దాన్ని తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు.

"ఉంచమ్మా. నేను ముప్ఫై అన్నా. ఆయన ఇంకా సరే అన్లేదు."

సాయంత్రం ఇల్లంతా బంధువులతో నిండింది. ఎవరో కుర్చీలు జరిపారు, ఎవరో దీపం వెలిగించారు. టీపాయ్ మీద, ఎవరూ ముట్టని ఒక కాఫీ కప్పు మీద మీగడ కట్టింది. అడుగున చక్కెర ఇంకా కరగలేదు.