ఆశించు జీతం

ముప్పై రెండు వేలని రాస్తే మరీ తక్కువగా ఉంటుందేమో, ముప్పై అయిదంటే గుండ్రంగా మర్యాదగా ఉంటుంది, ఎవరూ కనుబొమలు ఎగరేయరు, కానీ ముప్పై అయిదే ఎందుకమ్మా అని లోపల మేనేజరు అడిగితే ఏం చెప్పాలి, గుండ్రంగా ఉందని రాశానండీ అని చెప్పలేం కదా, అసలు ఈ ఆశించు జీతం అనే మాట కనిపెట్టిన మహానుభావుడెవరోగాని, ఇంట్లోనూ వీధిలోనూ బస్సులోనూ ఎవరూ అనని మాటను వెతికి తెచ్చి సరిగ్గా మనిషికి చెమటలు పట్టే చోట పెట్టాడు, పేరు రాసింది, పుట్టిన తేదీ రాసింది, ఈ బస్సు డిపోలో పద్నాలుగేళ్ళ అనుభవం, అందులో డ్యూటీ క్లర్కుగా పదేళ్ళు, సూపర్‌వైజరు కుర్చీ ఖాళీ అయ్యాక ఆ పని కూడా నెత్తినేసుకుని నాలుగేళ్ళు, అన్నీ చకచకా రాసేసింది, ఈ ఒక్క గడి దగ్గరే పెన్ను మొరాయించింది, పెన్నునని ఏం లాభం, ఆమె మేనేజరు గది బయట బెంచీ మీద కూర్చుని ముప్పావు గంటయింది, కిటికీలోంచి యార్డు కనిపిస్తోంది, మూడో వరుసలో ఒక బస్సు ముందు చక్రం వంకరగా తిప్పి వదిలేశారు, ఎవడు పెట్టాడో వాడికి సాయంత్రం చెప్పాలి, అయినా ఇవాళ చెప్పడానికి తనెవరు, ఇవాళ తను ఆ ఉద్యోగం ఇప్పించండి బాబూ అని వచ్చిన మనిషి, నాలుగేళ్ళుగా చేస్తున్న పనినే కొత్తగా అడుక్కోవడం ఆమెకు చెప్పలేనంత చిన్నతనంగా ఉంది.

బెంచీకి అవతలి చివర గళ్ళచొక్కా ఆయన కూర్చున్నాడు, ఇదే ఉద్యోగానికి బయటినుంచి వచ్చాడు, నున్నగా దువ్విన తల, ఒళ్ళో ప్లాస్టిక్ ఫైలు, వచ్చీరాగానే ఆమెను చూసి మీరిక్కడ పనిచేస్తారాండీ, మంచినీళ్ళెక్కడుంటాయి అంటే లేచి వెళ్ళి చూపించింది, చూపించి ఊరుకుందా అంటే లేదు, రోజుకెన్ని బస్సులు వెళ్తాయండీ అనగానే అరవై నాలుగండీ, అందులో సగం పొద్దున మొదటి గంటలోనే గేటు దాటిపోవాలి, డ్రైవరు రాకపోతే స్పేర్లో ఉన్నవాళ్ళను ఎక్కించాలి, స్పేరు కూడా లేకపోతే వారపు సెలవులో ఉన్నవాళ్ళకు ఫోన్ చేసి బతిమాలాలి, బ్రేకు బాగోలేదని మెకానిక్ చీటీ రాసిస్తే మాత్రం ఎవరు చెప్పినా సరే ఆ బస్సును కదలనివ్వకూడదు అని వరసపెట్టి చెప్పుకుపోయింది, అతను బుద్ధిగా ఫైలు అట్ట మీద రాసుకున్నాడు కూడా, తన పోటీదారుకు తనే కూర్చోబెట్టి పాఠం చెప్పే వెర్రిబాగులది ఈ భూమ్మీద ఇంకొకతె ఉంటుందా, ఎవరడిగినా చెప్పేయడమే, అరవై నాలుగు బస్సులకు గేటుంది గాని నీ నోటికి లేదు అని తన్ను తాను తిట్టుకుంటూ ఉండగా అతను ఆమె చేతిలో కాగితం చూసి, ఓహో మీరూ దీనికేనా, నేను యాభై అయిదు రాశానండీ, ఎలాగూ కోస్తారు కదా, మీరెంత రాశారు అన్నాడు, ఇంకా ఆలోచిస్తున్నానండీ అంది, ఆలోచించడానికేముందండీ రాసి పడేయండి అని నవ్వాడు, యాభై అయిదు, ఇప్పుడు తన చేతికొచ్చేది ఇరవై రెండు, అతని మీద కోపం రావాలి, కోపం రాలేదు, అసూయ పుట్టింది, అతనడిగిన డబ్బు మీద కూడా కాదు, అంత తేలిగ్గా అడగగలిగినందుకు.

పోనీ నలభై రాస్తే, నలభై రాస్తే మేనేజరు ఏమంటాడో ఆమెకు తెలుసు, కిందటేడు వర్క్‌షాపు ఫోర్‌మన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూలు జరిగినప్పుడు వివరాలు రాసుకోవడానికి ఆమే లోపల కూర్చుంది, ఒకాయన ఇరవై అని రాశాడు, గోళ్ళలో గ్రీజు, చొక్కా మాత్రం ఆరోజుకోసం కొన్నది, మడతలు కూడా పోలేదు, ఆయన నమస్కారం పెట్టి బయటికెళ్ళగానే మేనేజరు ఆ కాగితం పక్కన పడేసి, తన విలువ తనకే తెలియనివాడికి ఇంజన్ల విలువేం తెలుస్తుందమ్మా అన్నాడు, తరువాత ఇంకొకాయన యాభై రాస్తే, ఈయన ఉద్యోగానికొచ్చాడా డిపో కొనడానికొచ్చాడా అన్నాడు, రెండుసార్లూ ఆమె నవ్వింది, నవ్వకపోతే బాగోదని కాదు, నిజంగానే నవ్వొచ్చింది, కుర్చీలో కూర్చున్నప్పుడు వచ్చే నవ్వు వేరు, ఇప్పుడీ బెంచీ మీద తలుచుకుంటే ఒళ్ళంతా సిగ్గుతో ముడుచుకుపోయింది, ఆ గ్రీజు గోళ్ళాయన ఇదే బెంచీ మీద, బహుశా ఇదే చోట కూర్చుని, ఇరవై అంటే ఎవరికీ కోపం రాదులే అనుకుని ఉంటాడు, తరువాత ఎక్కడ పనిలో చేరాడో, చేరాడో లేదో.

కోస్తారు, గళ్ళచొక్కా ఎంత సులువుగా అనేశాడు, కోసే చెయ్యి ఈ డిపోలో తనదే, సెలవు రెండు రోజులు కావలసినవాళ్ళు నాలుగు అడుగుతారు, అక్క సగం కోస్తుందని వాళ్ళకు తెలుసు, రెట్టింపు చేసి అడిగారని అక్కకు తెలుసు, నీ మేనత్త పోయినేడాదే రెండుసార్లు పోయింది కదరా, ఇది మూడోసారా అంటే, ఈసారి నిజంగానే పోయిందక్కా అని ఒకడు తల గోక్కుంటే డ్యూటీ గదంతా ఘొల్లుమంది, అలాంటివాళ్ళ మధ్య మెత్తనాయన ఒక్కడే, అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు, బస్సు కూడా ఎవరినో నొప్పిస్తున్నట్టు నడుపుతాడు, ఆయన వచ్చి ఒక్కరోజు చాలక్కా అంటే చూడండర్రా మనిషంటే ఇదీ అని అందరి ముందూ మెచ్చుకుని ఒక్కరోజే ఇచ్చింది, వారం తరువాత గాని తెలియలేదు, ఆయన భార్యకు ఆపరేషన్ అని, రెండోరోజూ మూడోరోజూ ఆవిడ ఆసుపత్రిలో ఒక్కతే పడుకుని ఉంటే ఆయన ఊరవతల రూటులో బస్సు తోలుతున్నాడని, ఏమయ్యా నోరు తెరిచి చెప్పొద్దా అని అరిచింది, ఏడుపొచ్చి అరిచింది, ఆయన టోపీ చేతుల్లో తిప్పుకుంటూ, అడగడం అలవాటు లేదక్కా, మీరే అర్థం చేసుకుంటారనుకున్నా అన్నాడు, ఏం అర్థం చేసుకుంటుంది, ఒకటని అడిగితే ఒకటనే అర్థమవుతుంది, ఆ మాట ఆయనతో అనలేకపోయింది, ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు, మేనేజరు తనంతట తానే అర్థం చేసుకుంటాడని నాలుగేళ్ళుగా ఎదురుచూస్తున్న మనిషి ఇంకొకరిని ఏ మొహంతో కేకలేస్తుంది.

పొద్దున ఇంట్లో కూడా ఇదే గొడవ, భర్త చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ, ముప్పై రాయవే చాలు, అత్యాశకు పోయి ఉన్నది ఊడగొట్టుకోకు అన్నాడు, ఊడడమేమిటండీ నా ఉద్యోగం నాకుంది కదా అంటే, నీకు తెలియదు, ఎక్కువడిగినవాళ్ళను వాళ్ళు గుర్తుపెట్టుకుంటారు అన్నాడు, కుట్టుమిషన్లు బాగుచేసే మనిషి, బేరం చేసినవాళ్ళందరికీ తగ్గించి ఇచ్చేసి ఇంటికొచ్చి విసుక్కుంటాడు, ఆయన సలహా వింటే ఎక్కడ తేలుతుందో ఆమెకు తెలుసు, తెలిసీ వినాలనిపించింది, భయమున్నవాళ్ళ మాటలు భయమున్నవాళ్ళకే బాగా ఎక్కుతాయి, కూతురు మాత్రం దువ్వెన కనిపించక ఇల్లంతా తిరుగుతూ, అమ్మా, నీకు ముందు ఆ కుర్చీలో ఉన్నాయనకు ఎంతిచ్చేవాళ్ళు, అంతే రాసెయ్ అంది, దానికి అదొక పెద్ద విషయం కాదు, దువ్వెన దొరకగానే వెళ్ళిపోయింది, ఆమె మాత్రం గిన్నె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది, పాత సూపర్‌వైజరు జీతం నలభై అయిదు, ఆయనకు ప్రతి నెలా కవరు ఇచ్చింది తనే కదా, చీటీ మీద అంకె కనిపించేది, ఆ అంకె తెలుసు, దాన్ని తనకు ఆనించి చూసుకోవాలని మాత్రం ఏనాడూ తోచలేదు.

అక్కా అక్కా అని మెట్లమీద చెప్పుల చప్పుడు, కండక్టరమ్మ రొప్పుకుంటూ వచ్చి, పదకొండున్నర బండికి డ్రైవరు రాలేదక్కా, జనం స్టాపులో తిట్టిపోస్తున్నారు అంది, స్పేర్లో ఎవరున్నారు, మెత్తనాయన ఉన్నాడక్కా, వద్దు, నిన్న రెండు డ్యూటీలు చేశాడు, ఇంకెవరు, గుండు తలాయన ఉన్నాడుగాని ఆ రూటంటే మొహం చిట్లిస్తాడు, చిట్లించనీ, చిట్లించుకుంటూనే తోలమను, నేను చెప్పానని చెప్పు, ట్రిప్పు షీటు ఇలా తే అని ఒళ్ళో ఉన్న దరఖాస్తు మీదే ఆ షీటు పెట్టి సంతకం గీకి ఇచ్చేసింది, కండక్టరమ్మ పరుగెత్తింది, కిటికీలో నిమిషం తరువాత బస్సు కదిలింది, హమ్మయ్య, పెన్ను ఎలాగూ చేతిలో ఆడుతోంది, అంకె సంగతి తరువాత చూద్దాం, ముందు కింద సంతకమైనా అయిపోతుందని దరఖాస్తు అడుగున సంతకం చేసేసింది, చేశాక చూసుకుంటే, సూపర్‌వైజరు తరఫున, అని చక్కగా రాసి దాని కింద తన పొడి అక్షరాలు, నాలుగేళ్ళుగా రోజుకు అరవై నాలుగు షీట్ల మీద ఆ కుర్చీలో ఎవరూ లేకపోయినా వాళ్ళ తరఫునే చేసిన సంతకం, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది, కొట్టివేతలున్న దరఖాస్తు తీసుకోరని పైనే అచ్చువేసి ఉంది.

అటెండరును పిలిచి ఇంకో కాగితం ఇవ్వవయ్యా అంటే అతను పాతది చేతిలోకి తీసుకుని చదివి, ఇదేందక్కా, సూపర్‌వైజరు ఉద్యోగానికి సూపర్‌వైజరు తరఫున మీరు దరఖాస్తు పెడుతున్నారా, వస్తే ఎవరు చేరతారు మరి అని పొట్ట పట్టుకుని నవ్వాడు, ఆమెకూ నవ్వొచ్చింది, గళ్ళచొక్కా కూడా నవ్వాడు, నవ్వీ నవ్వీ కళ్ళలో నీళ్ళొస్తే తుడుచుకుంది, తుడుచుకున్నా ఆగలేదు, అటెండరు నవ్వాపి, ఊరుకోండక్కా, ఇన్నేళ్ళూ ఆ సంతకంతోనే బళ్ళన్నీ వెళ్ళాయి, ఒక్కటైనా ఆగిందా అని కొత్త కాగితం తెచ్చి చేతిలో పెట్టి, గళ్ళచొక్కా ఆయన్ని లోపలికి పంపించాడు.

మళ్ళీ పేరు, మళ్ళీ పుట్టిన తేదీ, లోపలినుంచి ఏవో నవ్వులు, అతను యాభై అయిదని చెప్పే ఉంటాడు, వీళ్ళు కోస్తూ ఉంటారు, ఎవరికీ ఏ బాధా లేదు, మళ్ళీ అదే గడి, నలభై అయిదు అని రాశాననుకో, మేనేజరు కాదంటాడు, అంటే ఏమవుతుంది, లేచొచ్చి తన బల్ల దగ్గర కూర్చుంటుంది, మధ్యాహ్నం బళ్ళు చూసుకుంటుంది, కాదనిపించుకోవడం కొత్తేం కాదు, అడక్కుండానే నాలుగేళ్ళు కాదనిపించుకుంది, అది తెలిసిన నొప్పే, మరి ఈ అరచేతుల్లో చెమటెందుకు, పోనీ అవునంటే, మేనేజరు తలైనా ఎత్తకుండా అంకె చూసి, సరేనమ్మా అలాగే, వచ్చే నెలనుంచి అనేస్తే, ఆ దృశ్యం కళ్ళ ముందుకు రాగానే పెన్నును కాగితం మీదినుంచి ఎత్తేసింది, అంత తేలిగ్గా ఇవ్వగలిగిన డబ్బయితే అది మొదటినుంచీ ఉన్నట్టే కదా, కుర్చీ ఖాళీ అయిన రోజున మేనేజరు ఆమెను పిలిచి, మీరుండగా ఈ డిపోకు సూపర్‌వైజరు లేడని ఎవరంటారమ్మా అన్నాడు, ఆ మాట ఇంటికి మోసుకెళ్ళి భర్తకు చెప్పింది, కూతురికి చెప్పింది, ఆయన వినలేదేమోనని మళ్ళీ చెప్పింది, కాళ్ళు లాగిన రోజున, జ్వరంతో వచ్చిన రోజున ఆ మాటే నెమరువేసుకుని నిలబడింది, తనను నమ్మారని పొంగిపోయింది, నమ్మకమే కావచ్చు, కానీ ఖర్చులేని నమ్మకం, నెలకు నలభై అయిదు పోయే చోట ఒక్క మాటతో సరిపెట్టారు, తను సరిపెట్టుకుంది, ఇంతసేపూ కాదంటారని భయపడుతున్నాననుకుంది, కాదు, వాళ్ళు అవునంటారనే భయం, అవునన్న క్షణంనుంచి ఆ నాలుగేళ్ళు తను పొందిన గౌరవం కాకుండా పోయి, ఎవరూ ఇవ్వని జీతంగా మిగిలిపోతాయి, అది తెలియనట్టు ఇక ఎప్పటికీ ఉండడం తనవల్ల కాదు, తలుపు తెరుచుకుంది, అటెండరు అక్కా మీరు రండి అన్నాడు, ఒక్క నిమిషమయ్యా అని ఆమె ఆ గడిలో నలభై అయిదు అని నిదానంగా, ఎవరు చూసినా తెలిసేలా రాసింది, రాస్తూ ఉంటే తెలిసింది, అది ఆశించిన జీతం కాదు, తనకు తెలిసి కూడా ఇన్నాళ్ళూ వదిలేసిన జీతం.