ముప్పై ఒకటో చుక్క

డైరెక్టర్‌కు నోట్‌బుక్ పంపిన మూడు నిమిషాలకు నా తప్పు తెలిసింది.

మా మందుల ఫ్యాక్టరీలో ఫిర్యాదుల లెక్కలు చూసేది నేనే. ఎవరు రాశారో నాకు తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. కంప్యూటర్‌లో కోడూ, లెక్కలూ, వివరణా ఒకే పేజీలో ఉండే ఆ నోట్‌బుక్‌లో ఈసారి ఒక చార్టు అమర్చాను. ఒక్కో ఫిర్యాదు ఒక్కో చుక్క. మౌస్ పెడితే వివరం కనిపిస్తుంది.

పేజీలోని పట్టికలో పేర్లు తీసేశాను. కానీ ఆ చార్టు వివరాలు పేజీలో ఉండవు. పేజీలో ఉన్నది వాటికి కిటికీ మాత్రమే. చుక్క మీద మౌస్ పెట్టినప్పుడల్లా అవి నా కంప్యూటర్‌లోని అసలు పట్టిక నుంచి వెళ్తాయి. అందులో పేర్లన్నీ అలాగే ఉన్నాయి.

చాలా చుక్కలు క్యాంటీన్ నీళ్ళవి, విరిగిన కుర్చీలవి. ముప్పై ఒకటోది మా అక్కది. ప్యాకింగ్‌లో గడువు తీరిన మాత్రల మీద కొత్త తేదీలు కొడుతున్నారని రాసింది. అంతకుముందు అదే మాట అన్న స్టోర్‌కీపర్ లిఫ్టు గుంతలో శవమై దొరికాడు.

నా తెర మీద అంకెలు పడుతున్నాయి. డైరెక్టర్ ఏ చుక్క తాకితే ఆ అంకె. వరసగా తాకుతున్నాడు. ఐదు. ఆరు.

అక్కకు ఫోన్ చేశాను.

"ఏంటే, డ్యూటీలో ఫోను? సూపర్‌వైజర్ నన్ను నమిలి మింగేస్తాడు!"

"అక్కా, బయటికి నడు. వచ్చిన బస్సెక్కెయ్."

"పిచ్చెక్కిందా? ఇంకా అన్నం డబ్బా కూడా తెరవలేదు."

"నీకు దణ్ణం పెడతా, నడక్కా!"

పంతొమ్మిది. ఇరవై.

వైరు పీకేస్తే? పేర్లున్నాయని ఇప్పటికే చూశాడు. మనుషుల్ని వెంటేసుకొచ్చి అసలు పట్టికే పట్టుకుపోతాడు. తేదీల ఫిర్యాదు రాసినవాళ్ళ పేరు దొరికితేనే వెతకడం ఆపుతాడు.

ఎవరి పేరు? సూపర్‌వైజర్ పేరు వేళ్ళ దాకా వచ్చింది. ఆయనకు ఇద్దరు పిల్లలు.

ఇరవై ఎనిమిది.

అక్క పేరు చెరిపి మరో పేరు కొట్టాను. సేవ్ నొక్కాను.

ముప్పై. ముప్పై ఒకటి.

ఆ తర్వాత అంకె పడలేదు. బల్ల మీద ఫోన్ మోగింది.

"చార్టు భలే చేశావమ్మా," డైరెక్టర్ గొంతులో తేనె కారుతోంది. "ముప్పై ఒకటో ఫిర్యాదు నువ్వే రాశావా?"

"అవును సార్."

"అక్కడే కూర్చో. నేనే వస్తున్నా."

కిటికీలోంచి చూశాను. గేటు బయట అక్క, డబ్బా చంకన పెట్టుకుని, నన్ను తిట్టుకుంటూ బస్సెక్కుతోంది.

మెట్ల మీద బూట్ల చప్పుడు. ఒక్కరివి కావు.